మంచులో నిలిచిన కారుకు చెమ్మ గండం

ఒక లీటరు పెట్రోలు మండితే దాదాపు ఒక లీటరు నీరు పుడుతుంది. వినగానే నమ్మబుద్ధి కాదు గానీ లెక్క సరళమే. పెట్రోలులో ఉండేవి ప్రధానంగా కార్బన్, హైడ్రోజన్. మండేటప్పుడు ఆ హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నీటి ఆవిరిగా మారుతుంది. ఆక్సిజన్ బరువు వచ్చి చేరడం వల్లే పుట్టిన నీరు కాలిన పెట్రోలు కన్నా ఎక్కువ తూగుతుంది. ఇంజిన్ బాగా వేడెక్కి హైవే మీద పరుగెత్తుతున్న కారులో ఈ ఆవిరంతా సైలెన్సర్ గుండా బయటికి పోతుంది, ఎవరి కంటా పడదు. చలికి బిగుసుకుపోయిన కారులో మాత్రం అది గొట్టం లోపలే చల్లబడి, నీటి చుక్కలై, అక్కడే నిలిచిపోతుంది.

ఈ లెక్క తెలియక జరిగే పొరపాటు ఒకటి అమెరికా ఉత్తర రాష్ట్రాల్లోని తెలుగువాళ్ల మధ్య డిసెంబరు సెలవుల్లో తరచూ కనిపిస్తుంది. మిషిగన్‌లోనో మిన్నెసోటాలోనో చదువుకుంటున్న కుర్రాడు సంక్రాంతికి ఇంటికి బయల్దేరుతూ కారును అపార్ట్‌మెంట్ ముందు ఆరుబయట నిలుపుతాడు. తాళంచెవి రూమ్మేటు చేతిలో పెట్టి, "వారానికోసారి స్టార్ట్ చేసి ఓ పది నిమిషాలుంచు మామా" అంటాడు. రూమ్మేటు కూడా మాట తప్పకుండా చలిలో దిగివెళ్లి ఆ పని చేస్తాడు. ఇద్దరి ఉద్దేశమూ మంచిదే. కారుకు మాత్రం దానివల్ల మేలు కన్నా కీడే ఎక్కువ.

నిలబెట్టిన చోటే పది నిమిషాలు తిరిగితే ఇంజిన్ సుమారు 150 మిల్లీలీటర్ల పెట్రోలు కాలుస్తుంది. అంటే సుమారు అంతే నీరు. కొంత పొగతోపాటు బయటికి పోయినా మిగతాది సైలెన్సర్ అడుగున చేరి లోపలినుంచి తుప్పు పట్టిస్తుంది. పిస్టన్ల పక్క నుంచి కిందికి జారిన ఆవిరి, సరిగా మండని పెట్రోలు ఇంజిన్ ఆయిల్లో కలుస్తాయి. ఆ నీరు ఇగిరిపోవాలంటే ఆయిలు బాగా కాగాలి. అందుకు కనీసం అరగంట రోడ్డు మీద నడపాలి. ఇక బ్యాటరీ సంగతి. చలిలో సెల్ఫ్ కొట్టినప్పుడు ఖర్చయిన కరెంటు ఆ కాస్త సేపట్లో పూర్తిగా తిరిగి రాదు. హీటరు, అద్దాల మీది మంచు కరిగించే తీగలు కూడా వేసి ఉంచితే రావలసినదాంట్లోంచే అవి మింగేస్తాయి. అరగంట నడిపే వీలుంటే నడపాలి. లేదంటే ఆ కారును అసలు కదపకుండా ఉంచడమే దానికి మంచిది.

ఆరుబయట వదిలిన కారును చలికాలం ఏం చేస్తుందన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే మొదలవుతుంది. చలి తనంతట తాను లోహాన్ని పాడుచెయ్యదు. ఉష్ణోగ్రత పడిపోయేకొద్దీ రసాయన చర్యలు మందగిస్తాయి, తుప్పు కూడా అందులో భాగమే. పైగా గడ్డు చలిలో గాలి ఎండిపోయి ఉంటుంది. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఘనపు మీటరు గాలి సుమారు 17 గ్రాముల నీటి ఆవిరిని మోయగలదు. సున్నా దగ్గర ఆ మోత 5 గ్రాముల లోపే. మైనస్ 40కి వచ్చేసరికి గ్రాములో పదోవంతుకు కాస్త పైన. అంటే జనవరి నడిమధ్య, వాడుక భాషలో "ప్రాణాలు తోడేసే చలి" ఉన్న రోజుల్లో కారు రేకుకు జరిగే నష్టం చాలా తక్కువ. అసలు చిక్కు నవంబరులో, మార్చిలో. పగలు రెండు డిగ్రీలు, రాత్రి మైనస్ మూడు. పగలు కరిగిన నీరు సందుల్లోకి దిగుతుంది, రాత్రి గడ్డకట్టి 9 శాతం ఉబ్బి ఆ సందునే పెద్దది చేస్తుంది, మర్నాడు మళ్లీ కరిగి ఇంకాస్త లోపలికి పోతుంది. కాబట్టి చలికాలపు జాగ్రత్తలన్నీ ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతాయి: నీరు ఎక్కడ నిలుస్తోంది?

భూమ్మీద అత్యంత చల్లని నగరాల్లో ఒకటైన రష్యాలోని యాకూత్స్క్‌లో జనవరి సగటు ఉష్ణోగ్రత మైనస్ 40కి చేరువలో ఉంటుంది. అక్కడివాళ్లు కార్లను వెచ్చని గ్యారేజీల్లో పెట్టుకుంటారు, దారి లేనివాళ్లు ఇంజిన్ ఆపకుండా ఉంచుతారు, ఇంజిను మీద దళసరి దుప్పట్లు కప్పుతారు, కారు కదలని రోజుల్లో బ్యాటరీ ఊడదీసి ఇంట్లోకి తెచ్చుకుంటారు. బ్యాటరీని ఇంట్లోకి తేవడం ఒక్కటి మాత్రం ఎక్కడైనా అనుసరించదగ్గదే. దానికి కారణం తర్వాత చూద్దాం. ముందు ఉప్పు గురించి చెప్పాలి, ఎందుకంటే మంచు దేశాల్లో కార్లను అంతగా తినేసేది మరొకటి లేదు.

రోడ్డు మీది మంచును కరిగించడానికి ఉప్పు చల్లే పద్ధతిని అమెరికాలో 1938లో న్యూహాంప్‌షైర్ రాష్ట్రం ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. ఇప్పుడు ఆ దేశంలో ఏటా 2 కోట్ల టన్నులకు పైగా ఉప్పు రోడ్ల పాలవుతోంది. డెట్రాయిట్ నగరం కింద సుమారు 350 మీటర్ల లోతున పెద్ద ఉప్పు గని ఉంది. దాదాపు 40 కోట్ల ఏళ్ల కిందట అక్కడ ఇంకిపోయిన సముద్రం మిగిల్చిన ఉప్పు అది. పైన ప్రపంచానికి కార్లు తయారుచేసిన ఊరు, ఆ ఊరి అడుగునే ఆ కార్లకు తుప్పు పట్టించే సరుకు.

ఉప్పు నీటిలో కలిస్తే ఆ నీరు గడ్డకట్టే ఉష్ణోగ్రత దిగజారుతుంది. 23 శాతం ఉప్పు ఉన్న ద్రావణం మైనస్ 21 డిగ్రీల దాకా ద్రవంగానే ఉంటుంది. ఆచరణలో రోడ్డు మీద మైనస్ 9 దాటాక మామూలు ఉప్పు పెద్దగా పనిచెయ్యదు. అందుకే ఇంకా చల్లని చోట్ల కాల్షియం క్లోరైడ్, మెగ్నీషియం క్లోరైడ్ వాడతారు. కారు యజమానికి ఇక్కడే కొత్త ముప్పు. మామూలు ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితేనే చెమర్చి కరుగుతుంది. మెగ్నీషియం, కాల్షియం క్లోరైడ్‌లకు 30 శాతం చిల్లర తేమ చాలు. అంటే మనిషికి పొడిగా అనిపించే రోజున కూడా కారు అడుగుభాగాన అంటుకున్న ఆ పొర తడిగానే ఉంటుంది.

తడి ఉంటే ఏమవుతుంది? తుప్పు పట్టడం నిజానికి ఒక విద్యుత్ ప్రక్రియ. ఇనుప రేకు మీద ఒకచోట ఇనుము కరిగి ఎలక్ట్రాన్లను వదులుతుంది. అవి లోహం గుండా మరోచోటికి ప్రవహించి అక్కడ ఆక్సిజన్‌తో చర్య జరుపుతాయి. ఈ రెండు చోట్ల మధ్య వలయం పూర్తి కావాలంటే కరెంటును మోసే ద్రవం కావాలి. వాన నీరు ఆ పనికి అంతంతమాత్రం. ఉప్పునీరు మహా చురుకు. క్లోరైడ్ అయాన్లు లోహం మీది రక్షణ పొరను కూడా ఛేదిస్తాయి. పుట్టిన తుప్పు అసలు ఇనుము కన్నా కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది గనక పైనున్న రంగు పొక్కులా లేస్తుంది, ఆ పొక్కు పగిలి కొత్త నీటికి దారి దొరుకుతుంది. విశాఖపట్నంలో సముద్రానికి దగ్గరగా ఉండేవాళ్లకు ఇది కొత్త కాదు. కిటికీ ఊచలకూ స్కూటర్ సైలెన్సర్లకూ అక్కడ పట్టే తుప్పు కూడా ఈ క్లోరైడ్ల పనే.

అందువల్ల కారును నెలల తరబడి నిలిపే ముందు చెయ్యవలసిన పనుల్లో మొదటిది, అన్నింటికన్నా విలువైనది, అడుగుభాగం కడిగించడం. పైన మెరిసేలా కడిగి కింద వదిలేస్తే ప్రయోజనం లేదు. చక్రాల వెనక గూళ్లు, తలుపుల కింది అంచులు, ఇంజిన్ కింది చట్రం, బ్రేకు పైపులు వెళ్లే దారి, వీటన్నిటికీ నీటి తాకిడి తగలాలి. కడిగించాక వెంటనే నిలిపేయకూడదు. ఇరవై ముప్ఫై కిలోమీటర్లు నడిపితే బ్రేకుల వేడికి, గాలికి తడి ఆరిపోతుంది. వీలైతే రంగు మీద ఒక పొర మైనం పట్టించాలి. ఆ పని ఐదు డిగ్రీల చలిలో చేస్తే మైనం సరిగా పట్టదు గనక అక్టోబరులోనే ముగించుకోవాలి.

ఈ వెలుగులో చూస్తే ఒక పాత నమ్మకం కూడా తలకిందులవుతుంది. ఆరుబయట ఉన్న కారు పాడవుతుందనీ వెచ్చని గ్యారేజీలో ఉన్నది బాగుంటుందనీ అందరూ అనుకుంటారు. పొడిగా, శుభ్రంగా లోపలికి వెళ్లిన కారు విషయంలో అది నిజమే. కానీ రోజూ ఉప్పు బురదతో తిరిగివచ్చి, గాలి ఆడని వెచ్చని గ్యారేజీలో నిలిచే కారు, బయట మైనస్ 15లో గడ్డకట్టి నిలిచిన కారు కన్నా త్వరగా తుప్పు పడుతుంది. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే ఇలాంటి చర్యల వేగం సుమారు రెట్టింపవుతుంది. మంచు కరిగి ఉప్పునీరై కారేది కూడా అక్కడే.

ఇప్పుడు బ్యాటరీ. సీసం పలకలు, గంధకామ్లం కలిసిన నీరు, ఈ కూర్పును 1859లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే కనిపెట్టాడు. నూట అరవై ఏళ్లు దాటినా పెట్రోలు కార్లను మేల్కొలిపేది ఇప్పటికీ ఎక్కువగా అదే. దాని బలహీనత కూడా నీటిలోనే ఉంది. బ్యాటరీ నిండుగా ఛార్జ్ అయి ఉన్నప్పుడు ఆమ్లం అంతా ద్రవంలో ఉంటుంది. ఆ చిక్కని ద్రవం మైనస్ 55 డిగ్రీల దాకా గడ్డకట్టదు. బ్యాటరీ ఖాళీ అయ్యేకొద్దీ ఆమ్లంలోని సల్ఫేటు పలకలకు అతుక్కుపోయి, ద్రవంగా మిగిలేది దాదాపు నీరే. పూర్తిగా ఖాళీ అయిన బ్యాటరీ మైనస్ 7, 8 డిగ్రీలకే గడ్డకడుతుంది. సగం ఛార్జ్ ఉన్నది మైనస్ 25 దగ్గర. 2019 జనవరి 30న షికాగోలో మైనస్ 31, మినియాపొలిస్‌లో మైనస్ 33 నమోదయ్యాయి. ఆ చలిలో గంటల తరబడి ఆరుబయట ఉన్న ఏ సగం బ్యాటరీకైనా గడ్డకట్టే ముప్పు వచ్చినట్టే. గడ్డకడితే లోపలి పలకలు వంగుతాయి, డబ్బా చిట్లుతుంది. ఇక అది పనికిరాదు.

తాళం వేసి వెళ్లిపోయిన కారులో బ్యాటరీ ఎందుకు తగ్గుతుందని అడగవచ్చు. దొంగల అలారం, తాళంచెవి కోసం కాచుకుని ఉండే రిసీవరు, గడియారం, కంప్యూటర్ల జ్ఞాపకం, ఇవన్నీ రాత్రింబవళ్లు కాస్తకాస్త కరెంటు తాగుతూనే ఉంటాయి. మంచి స్థితిలో ఉన్న కారులో ఇది 20 నుంచి 50 మిల్లీయాంపియర్లు. 30 అనుకుంటే రోజుకు 0.7 యాంపియర్ గంటలు. 60 యాంపియర్ గంటల బ్యాటరీలో నలభై రోజులకు దాదాపు సగం ఖాళీ. అదే సమయంలో మైనస్ 18 డిగ్రీల చలి ఆ బ్యాటరీ ఇవ్వగల శక్తిని ఇంచుమించు సగానికి కోసేస్తుంది, ఎందుకంటే చిక్కబడిన ద్రవంలో అయాన్లు మెల్లగా కదులుతాయి. చలికి బిగిసిన ఇంజిన్ తిరగడానికి మామూలు కన్నా ఎక్కువ బలం అడుగుతుంది. ఇచ్చేది తగ్గి, అడిగేది పెరిగిన చోట "టిక్ టిక్" శబ్దం తప్ప ఇంకేమీ రాదు. బ్యాటరీ మీద సీసీఏ అని రాసి ఉండే అంకె దీని గురించే చెబుతుంది. మైనస్ 18 డిగ్రీల దగ్గర 7.2 వోల్టుల కిందికి పడిపోకుండా 30 సెకన్లపాటు ఎన్ని యాంపియర్లు ఇవ్వగలదో ఆ లెక్క. చల్లని ఊళ్లో బ్యాటరీ కొనేవాళ్లు ముందు చూడాల్సింది ఆ అంకెనే.

దగ్గరలో ప్లగ్గు ఉంటే తక్కువ కరెంటుతో నిండుగా నిలిపే చిన్న ఛార్జరు తగిలించి వదిలేయవచ్చు. అపార్ట్‌మెంట్ల ఆరుబయలులో అది అరుదు. అద్దం మీద పెట్టే సోలార్ పలకలు అమ్ముతారు గానీ వాటి మీద మంచు పడితే చేసేదేమీ లేదు. అందరికీ అందుబాటులో ఉన్న మార్గం రెండు తీగలూ విప్పడం. ముందు నెగటివ్, తర్వాత పాజిటివ్. ఈ వరస తప్పితే పాజిటివ్ విప్పుతున్న పానా బాడీకి తగిలి నిప్పులు రాలవచ్చు. తీసిన బ్యాటరీని నిండా ఛార్జ్ చేసి ఇంట్లో ఒక మూల, గాలి ఆడేచోట ఉంచాలి. సిమెంటు నేల మీద పెడితే ఛార్జ్ దిగిపోతుందన్న మాట చెక్క పెట్టెల్లో బ్యాటరీలు వచ్చిన కాలం నాటిది, నేటి ప్లాస్టిక్ డబ్బాలకు అది వర్తించదు. బ్యాటరీ తీశాక రిమోట్ పనిచెయ్యదని గుర్తుంచుకోవాలి. రిమోట్ లోపల దాగి ఉండే లోహపు తాళంచెవితో తలుపు తెరుచుకుంటుందో లేదో ముందే చూసుకోవడం మంచిది. తిరిగొచ్చాక ఒకవేళ కారులోనే ఉండిపోయిన బ్యాటరీ పక్కలు ఉబ్బి కనిపిస్తే జంపర్ కేబుళ్లు తగిలించకూడదు. గడ్డకట్టిన బ్యాటరీలోకి కరెంటు పంపితే హైడ్రోజన్ పోగై పేలిన సందర్భాలున్నాయి.

రేడియేటర్లోని కూలెంట్ విషయంలో రసాయనం ఆశ్చర్యపరుస్తుంది. దాని ముఖ్య పదార్థం ఎథిలీన్ గ్లైకాల్. స్వచ్ఛమైన గ్లైకాల్ మైనస్ 13 డిగ్రీలకే గడ్డకడుతుంది. సగం నీరు కలిపితే మైనస్ 37 దాకా కట్టదు. గ్లైకాల్ అణువులు నీటి అణువుల మధ్య చొరబడి, అవి ఒక వరసలో స్ఫటికంగా కూర్చోకుండా అడ్డుపడతాయి. గ్లైకాల్ స్ఫటికాలను నీరూ అలాగే అడ్డుకుంటుంది. కాబట్టి నీరు కలపని కూలెంట్ ఎక్కువ రక్షణ ఇస్తుందనుకోవడం పొరపాటు. అంతకన్నా ఎక్కువగా జరిగే పొరపాటు దీనికి వ్యతిరేకం. టెక్సస్‌లో ఏళ్లపాటు ఒట్టి నీళ్లే పోస్తూ వచ్చిన పాత కారును కొని మిన్నెసోటాకు తీసుకెళ్తే మొదటి గట్టి చలికే ఇంజిన్ బ్లాకు పగలవచ్చు. కూలెంట్ చుక్క వేసి చూసే చిన్న పరికరం మెకానిక్కు దగ్గర ఉంటుంది, అది ఏ డిగ్రీ దాకా భద్రమో నిమిషంలో చెప్పేస్తుంది. ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, భయంకరమైన విషం. శరీరంలో ఆక్సాలిక్ ఆమ్లంగా మారి కిడ్నీలను స్ఫటికాలతో పూడ్చేస్తుంది. నేల మీద ఒలికిన నాలుగు చుక్కలను కూడా తుడిచెయ్యాలి, కుక్కలూ పిల్లులూ నాకుతాయి.

అద్దాలు కడిగే నీళ్ల డబ్బాలో వేసవిలో పోసినదే ఉండిపోతే అదీ గడ్డకట్టి డబ్బాను చీలుస్తుంది. శీతాకాలపు రకం పోయించి, ఒకసారి చిమ్మించి, గొట్టాల దాకా అది చేరేలా చూస్తే చాలు.

ఇంధనం విషయంలో పెట్రోలు కారుకు చలి బాధ తక్కువ, కాలం బాధ ఎక్కువ. ట్యాంకులో నెలల తరబడి నిలిచిన పెట్రోలులోని తేలిక భాగం ఆవిరైపోతుంది, మిగిలినది ఆక్సిజన్‌తో కలిసి జిగురు కడుతుంది. అమెరికాలో అమ్మే పెట్రోలులో సాధారణంగా 10 శాతం ఎథనాల్ ఉంటుంది. ఎథనాల్‌కు నీటిని లాగే గుణం ఉంది. నీరు అర శాతం దాటితే ఎథనాలూ నీరూ కలిసి ట్యాంకు అడుగున వేరే పొరగా విడిపోతాయి, చల్లబడేకొద్దీ ఇంకా తక్కువ నీటికే విడిపోతాయి. మూతలు బిగుతుగా ఉండే నేటి కార్లలో ఇది మెల్లగా జరిగేదే అయినా, ట్యాంకు నింపి ఉంచడం మేలు. ఖాళీ చోటు తగ్గితే తేమ గాలి చేరే చోటూ తగ్గుతుంది. మూడు నెలలు మించి నిలిపేటట్టయితే పెట్రోలు చెడకుండా కాపాడే మందు కలిపి, అది ఇంజిన్ దాకా చేరేలా కొన్ని కిలోమీటర్లు నడపాలి.

డీజిల్ కథ వేరు. చలికాలం ఉదయాన కొబ్బరినూనె సీసాలో పేరుకున్నట్టే డీజిల్లోని మైనం కూడా పేరుకుని ఫిల్టరును మూసేస్తుంది. లద్దాఖ్‌లో ఏళ్ల తరబడి లారీ డ్రైవర్లు ట్యాంకు కింద మంట పెట్టి డీజిల్ కరిగించుకునేవాళ్లు, అది ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు. 2019 నవంబరులో ఇండియన్ ఆయిల్ సంస్థ పానిపట్ రిఫైనరీలో తయారైన శీతాకాలపు డీజిల్‌ను అక్కడ ప్రవేశపెట్టింది. అది మైనస్ 33 డిగ్రీల దాకా పేరుకోకుండా ఉంటుంది.

ఇంజిన్ ఆయిల్ డబ్బా మీద 5డబ్ల్యూ-30 అని ఉంటే అందులోని డబ్ల్యూ శీతాకాలానికి గుర్తు. ముందున్న అంకె తగ్గేకొద్దీ ఆయిలు ఎక్కువ చలిలో పారుతుంది. 5 రకం మైనస్ 35 దాకా, 0 రకం మైనస్ 40 దాకా పంపుకు అందుతుంది. కారు నిలిపేముందే ఆయిలు మార్చడం మంచిది. వాడిన ఆయిల్లో పోగైన ఆమ్లాలు, నీరు నెలల తరబడి బేరింగులకు అంటుకుని ఉండకూడదు.

ఇక కవరు. ఆరుబయట కారంటే నీలం టార్పాలిన్ కప్పి తాళ్లతో బిగించడం చాలామందికి తోచే మొదటి ఉపాయం. దాన్ని మానుకోవాలి. నేల నుంచి లేచే తేమ టార్పాలిన్ కింద చిక్కుకుని కారు మీదే చెమటలా పడుతుంది, ఆరే దారి ఉండదు. గాలికి అది కొట్టుకుంటుంటే కింద చేరిన దుమ్ము సాన కాగితమై రంగును గీస్తుంది. కారు రంగు మీది పారదర్శక పొర మందం సుమారు 40 మైక్రాన్లు మాత్రమే. ఆవిరిని బయటికి వదిలే గుడ్డ కవరు, కారు కొలతకు సరిపోయేది, కింద పట్టీలతో బిగించేది కొంటే మేలు. అది దొరక్కపోతే ఏమీ కప్పకపోవడమే నయం.

పైకప్పు ఉన్న షెడ్డు దొరికితే మూడు వైపులా గోడలు లేకున్నా దానికి మించిన రక్షణ లేదు. దానికి ఒక చక్కని భౌతిక కారణం ఉంది. మబ్బులేని రాత్రి కారు పైరేకు తన వేడిని పరారుణ కిరణాలుగా ఆకాశంలోకి వదిలేస్తుంది, తిరిగి వచ్చేది కొంచెమే. అందుకే చుట్టూ గాలి రెండు డిగ్రీలు ఉన్నా అద్దం మీద మంచు పేరుకుంటుంది. తలమీద కప్పు ఉంటే ఆ కప్పు కూడా వేడిని కిందికి పంపుతుంది గనక కారు అంత చల్లబడదు, చెమ్మ పట్టదు. నిలిపే నేల కూడా ముఖ్యమే. పచ్చిక మీద, మట్టి మీద కన్నా సిమెంటు మీద, కంకర మీద నిలపాలి. బానెట్ వెనక, అద్దం అడుగున ఉండే చిన్న కాలువల్లో రాలిన ఆకులు తీసెయ్యాలి. అవి మూసుకుపోతే కరిగిన నీరు నేరుగా కారు లోపలికి, కార్పెట్ కిందికి దిగుతుంది. ఆ తేమ అక్కడే దాక్కుని వసంతానికి బూజు వాసనై బయటపడుతుంది.

మంచు బరువుకు కారు కుంగిపోతుందన్న భయం అక్కర్లేదు. అప్పుడే పడిన పొడి మంచు ఘనపు మీటరుకు సుమారు 100 కిలోలు. 30 సెంటీమీటర్లు పడితే పైకప్పు మీద అరవై కిలోల లోపే.

ఎలుకల బెడద మాత్రం చిన్నది కాదు. ఆరేడు మిల్లీమీటర్ల సందు చాలు, చుంచు లోపలికి దూరుతుంది. గాలి ఫిల్టరులో గూడు కడుతుంది, సీటు దూది పీకుతుంది, వైర్లు కొరుకుతుంది. వెనక సీటు కింద రాలిన జంతికల ముక్కలు, మరిచిపోయిన బియ్యం సంచీ దానికి ఆహ్వానపత్రాలు. లోపల ఒక్క గింజ లేకుండా ఊడ్చి, సైలెన్సర్ గొట్టం చివరా గాలి లోపలికి పోయే గొట్టంలోనూ స్టీలు పీచు కుక్కి, ఆ సంగతి ఒక కాగితం మీద రాసి స్టీరింగుకు అంటించాలి. హోండా సంస్థ వైర్లకు చుట్టే ఒక టేపు అమ్ముతుంది. దానికి పట్టించేది మిరపకాయలో మంట పుట్టించే క్యాప్సైసిన్. గుంటూరు మిరపకాయ మన నాలుకను మండించేదీ, ఆ టేపు ఎలుకను వెనక్కి పంపేదీ ఒకే దారిలో. క్షీరదాల నాడుల మీద ఉండే టీఆర్‌పీవీ1 అనే గ్రాహకం క్యాప్సైసిన్ తగలగానే వేడి తగిలినట్టు మెదడుకు కబురు పంపుతుంది. ఆ గ్రాహకాన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి దక్కింది. నాఫ్తలీన్ ఉండలు మాత్రం కారులో పెట్టకూడదు. ఎలుకలు పోతాయన్న నమ్మకం లేదు గానీ ఆ ఆవిరి మనుషుల ఊపిరికి చేటు, వాసన నెలలు వదలదు.

హ్యాండ్‌బ్రేకు వేసి వదిలితే ప్యాడ్లు డిస్కులకు తుప్పుతోనో మంచుతోనో అంటుకుపోతాయి. సమతలం మీద నిలిపి, గేరులో ఉంచి, చక్రాలకు అడ్డు పెట్టాలి. టైర్లలో గాలి ప్రతి 5, 6 డిగ్రీల చలికి ఒక పాయింటు తగ్గుతుంది. 20 డిగ్రీల రోజున 32 పాయింట్లు కొట్టించిన టైరు మైనస్ 20కి 25 దగ్గరికి దిగజారుతుంది. తక్కువ గాలితో కదలకుండా నిలిచిన టైరు నేలను తాకే చోట చదునుగా బిగుస్తుంది. కాబట్టి టైరు పక్కన ముద్రించిన గరిష్ఠ హద్దు దాటకుండా కొన్ని పాయింట్లు ఎక్కువ కొట్టించి వెళ్లాలి.

కరెంటు కారు యజమానులకు నియమం వేరు. పెద్ద బ్యాటరీని 50 నుంచి 80 శాతం మధ్య ఉంచి, కారు చుట్టూ కెమెరాలతో కాపలా కాసే సదుపాయాలను ఆపెయ్యాలి. గడ్డకట్టే చలిలో లిథియం బ్యాటరీని ఛార్జ్ చేస్తే లిథియం లోహపు పొరగా పేరుకుని శాశ్వత నష్టం చేస్తుంది గనక కారు ముందు తనను తాను వెచ్చబరుచుకున్నాకే ఛార్జ్ తీసుకుంటుంది. అందులోనూ చిన్న 12 వోల్టుల బ్యాటరీ ఒకటుంటుందని చాలామంది మరిచిపోతారు. అది పడుకుంటే కోటి రూపాయల కారు తలుపు కూడా తెరుచుకోదు.

వీధి పక్కన నిలిపి ఊరెళ్లేవాళ్లకు ఇంకో ఇబ్బంది కూడా ఉంది. మినియాపొలిస్ వంటి నగరాలు భారీగా మంచు పడినప్పుడు స్నో ఎమర్జెన్సీ ప్రకటించి, వీధుల్లో అడ్డుగా ఉన్న కార్లను ఎత్తుకుపోతాయి. యజమాని గుంటూరులో ఉన్నాడన్న సంగతి వాళ్లకు పట్టదు, ఎత్తుకెళ్లిన కారును ఉంచినందుకు రోజురోజుకీ అద్దె పెరుగుతుంది. కారు తీసేముందు మంచు దులపడమూ మరవకూడదు. న్యూజెర్సీలో పైకప్పు మీద మంచు దులపకుండా కారు నడిపితే జరిమానా. దులపడానికి మెత్తని బ్రష్షు వాడాలి, పార వాడితే రంగు పోతుంది. అద్దం మీద మరిగే నీళ్లు పోస్తే పైపొర ఒక్కసారిగా వ్యాకోచించి అద్దం పగలవచ్చు.

తిరిగొచ్చిన రోజున తాళం తిప్పే తొందర ఉండకూడదు. సైలెన్సర్ గొట్టం మంచుతో మూసుకుపోయి ఉంటే కార్బన్ మోనాక్సైడ్ కారు లోపలికి చేరుతుంది. దానికి రంగూ వాసనా లేవు, కూర్చున్న మనిషి నిద్రలోకి జారినట్టే ప్రాణం పోతుంది. కాబట్టి ముందు గొట్టం, తర్వాత స్టీలు పీచు, తర్వాత బానెట్ ఎత్తి చూడటం. ఎలుక రెట్టలు కనిపిస్తే పొడిగా ఊడ్చకూడదు. అమెరికా పశ్చిమ ప్రాంతాల్లో 1993లో బయటపడిన హాంటావైరస్ అడవి చుంచుల రెట్టల ధూళి ద్వారానే ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. చేతులకు తొడుగులు, ముఖానికి మాస్కు వేసుకుని, క్రిమిసంహారక ద్రవంతో తడిపి కాగితంతో తియ్యాలి. బ్యాటరీ బిగించేటప్పుడు వరస తిరగబడుతుంది, పాజిటివ్ ముందు. స్టార్టయ్యాక మొదటి పది పదిహేను బ్రేకులకు గరగర శబ్దం వస్తుంది. డిస్కు మీద పేరుకున్న పల్చని తుప్పు రాలిపోతున్న చప్పుడు అది, కాసేపటికి ఆగుతుంది. టైర్లు వేడెక్కేదాకా స్టీరింగ్ వణుకుతుంది. ముప్ఫై కిలోమీటర్లు నడిపినా ఆ వణుకు తగ్గకపోతే చదునైన టైరు ఇక కోలుకోదని అర్థం, దాన్ని మార్చాలి.